తెగని నరం

చేవెళ్లలో ఒక చిన్న దవాఖానలో డాక్టరుగా కొత్తగా చేరిన రోజులవి. చదివిందంతా చేత్తో పట్టి చూడాలని నాకు ఒకటే తొందర. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

ఒక ఉదయం మొయినాబాద్ వైపు నుంచి ఒకామెను భర్త బండి మీద తీసుకొచ్చాడు. గడ్డి కోస్తుంటే కొడవలి జారి ఎడమ మణికట్టు తెగింది. గాయం కడిగి చూశాను. వేళ్లన్నీ కదులుతున్నాయి, స్పర్శా ఉంది. అయినా నా పరీక్ష నేను చేయాలి కదా. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కొంచెం వంచమన్నాను. అప్పుడు మణికట్టు నడుమ ఒక నరం తీగలా పైకి తేలాలి. ఆమెకు తేలలేదు.

“లోపల నరం తెగిందక్కా. సిటీల ఆపరేషన్ పడ్తది. మూడు నెలలు ఈ చేత్తో పని చెయ్యొద్దు,” అన్నాను.

భర్త బయటికి వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. మాటలు కిటికీలోంచి వినిపించాయి. “బర్రెను అమ్ముతమే అన్నా. పిండెటోళ్లు లేరు.”

ఆమె తప్ప ఎవరు పాలు పిండబోయినా ఆ బర్రె తన్నుతుందట. గాయం కడిగేటప్పుడు కిమ్మనని మనిషి అప్పుడు ఏడ్చింది.

“చిన్న దుడ్డెగ ఉన్నప్పటిసంది నేనే సాదిన మేడం,” అంటూ కుడిచేత్తో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆ చేతి వేళ్లనే నేను చెప్పినట్టు కలిపి చూసుకుంది. “దీనికేం తగల్లేదు గద. ఇందుల గూడ నరం లేస్తలేదేంది?”

సిగ్గుతో నా ముఖం మాడిపోయింది. కొందరికి ముంజేతిలో ఆ నరం, దాని కండ పుట్టుకతోనే ఉండవు. లేకపోయినా ఏ పనీ ఆగదు. ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. రెండో చెయ్యి చూడాలన్నది మాత్రం మరిచాను. గాయాన్ని మళ్లీ నిదానంగా చూశాను. చర్మం తప్ప ఏదీ తెగలేదు.

“నాలుగు కుట్లేస్తే సరిపోతదక్కా.”

“కుట్లు తర్వాత మేడం. ముందుగాల ఆయనకు చెప్పు.”

గ్లవ్స్‌తోనే బయటికి పరుగెత్తాను. “అన్నా, బర్రెను అమ్మకు. అక్క చెయ్యి మంచిగనే ఉన్నది. తప్పు నాది.”

పదిరోజుల తర్వాత కుట్లు తీయించుకోవడానికి వచ్చింది. నాకోసం సీసా నిండా పాలు తెచ్చింది. ఒంటిచేత్తోనే పిండుతున్నదట. ఎదురుగా కూర్చుని, నేను అడగకముందే రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.