నా మోకాళ్లు నాకు తిరిగి వచ్చిన విధం

నలభై శుక్రవారాల ఉపవాస ప్రార్థనతో నా ఒళ్లు కరిగిపోయిందని తిరుపతిలోని మా సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సహోదరులారా, అది నా సాక్ష్యం కాదు! ఇరవై ఏళ్లుగా కాలేజీలో జువాలజీ చెబుతున్నాను, నా కడుపులో ఏం జరిగిందో నాకు తెలియదా? చెన్నైలో ఒక డాక్టరమ్మ నా పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేసింది. దేవుడు నన్ను విడిపించింది ఆ దారినే.

అంతకు ముందు నా బరువు నూట ఇరవై ఆరు కిలోలు. మెట్లెక్కలేక రెండో అంతస్తులోని ల్యాబ్ క్లాసులు వదులుకున్నాను, షేర్ ఆటోవాళ్లు నన్ను చూసి ఆపకుండా పోయేవాళ్లు, మందిరంలో ఆడవాళ్లందరూ చాపల మీద మోకరించి ప్రార్థిస్తుంటే నేను మాత్రం గోడవారగా చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని, తొమ్మిదేళ్లు! గర్విష్టి అన్నవాళ్లు కూడా ఉన్నారు.

శుక్రవారం ఉపవాసాలు చేసిన మాట నిజమే. సాయంత్రం ప్రార్థన ముగిశాక మనం వడ్డించుకునే చిత్రాన్నం, వడలు, పాయసం కూడా నిజమే కదా! పగలంతా పస్తుండి, ఆ ఒక్క పూటలో రెండు రోజుల తిండి తినేదాన్ని. ఆ నలభై శుక్రవారాల్లో నేను ఐదు కిలోలు పెరిగాను.

చివరికి డాక్టర్లు ఆపరేషన్ ఒక్కటే మార్గమన్నారు. సంఘంలో పాస్టరయ్యగారికి ఒక్కరికే చెప్పాను, ఆయన నా నుదుట నూనె రాసి ప్రార్థించి పంపించారు. ఆ ఉదయం ఆసుపత్రి మంచం మీద ఒకటే అడిగాను: "ప్రభువా, నాకు అందం వద్దు. నా మోకాళ్లు నాకు తిరిగి ఇవ్వు. ఒక్కసారి నేల మీద మోకరించి నీతో మాట్లాడనివ్వు."

ఆయన ఆలకించాడు! ఏడాదికల్లా యాభై కిలోలు తగ్గాను, ఒక ఆదివారం కుర్చీ పక్కకు జరిపి చాప మీద మోకరించాను, మందిరమంతా హల్లెలూయ అని కేకలు వేసింది, నాకు కన్నీళ్లు ఆగలేదు. అప్పుడే అయ్యగారు మైకులో, నలభై శుక్రవారాల ఉపవాసానికి ఇది ఫలం అని ప్రకటించారు. లేచి కాదనవలసిన దాన్ని. అనలేదు. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందని అంటారేమోనని సిగ్గుపడ్డాను. ప్రతి కమిటీలోనూ వాదించే నేను ఆ ఒక్కరోజు నోరు మూసుకున్నాను!

ఆ రోజు చాప మీద నా పక్కనే ఉంది సుగుణమ్మ, వడమాలపేటలో పూలు కట్టి అమ్ముకునే విధవరాలు, ఎన్నో ఏళ్లుగా షుగరు మనిషి. నన్ను చూసి ఆమె అయ్యగారి మాట నమ్మింది. మందులు మానేసి ఉపవాసాలు మొదలుపెట్టింది. మూడో వారం పూలబుట్ట దగ్గరే కూలిపోతే ఆసుపత్రికి మోసుకువచ్చారు. ఎందుకిలా చేసిందో ఆమె కూతురు నాకు చెప్పింది. ఐసీయూ బయట ఆ సిమెంటు నేల మీద మోకరించి, "ప్రభువా, ఈమెను నా మౌనం పడగొట్టింది. బతికించు, ఈ నోటితోనే నిజం చెబుతాను" అని ఏడ్చాను.

నాలుగో రోజు కళ్లు తెరిచింది. నేను అంతా ఒప్పుకున్నాను. అప్పుడు సుగుణమ్మ అన్న మాటలివి: "ఏమక్కా, కడుపు కోయించుకున్న్యానని ఆ పొద్దే చెప్పింటే నీ సొమ్మేం పోతాండె? నిన్ను సూసే గదా నేను మాత్తర్లు నిలిపేస్తిని!"

ఆమె పాదాలు పట్టుకున్నాను. విదిలించుకుంది. "కాళ్లు వదులక్కా, పోయి మైకులో చెప్పు" అంది. మరుసటి ఆదివారం చెప్పాను, మందిరంలో ఒక్కరూ హల్లెలూయ అనలేదు.

ఇప్పుడు ల్యాబ్‌కి మెట్లెక్కి వెళుతున్నాను, కాలేజీ ఆటల రోజున పిల్లలతో త్రోబాల్ ఆడి గెలిచాను, ప్రతి గురువారం వడమాలపేటలో బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి సుగుణమ్మ ఇంటి ప్రార్థనకు పోతున్నాను, ఆమె మందులు వేసుకుందా లేదా అని అడిగి తిట్లు కూడా తింటున్నాను. ఒక ఇడ్లీతో నా కడుపు నిండుతుంది, జుట్టు కొంత రాలింది, విటమిన్ మాత్రలు జీవితాంతం మింగాలి. అయినా నేల మీద కూర్చుని లేవగలిగిన ప్రతిసారీ దేవునికే మహిమ!

ప్రియమైన అక్కలారా, మీ ఒళ్లు మీకు బరువైతే సిగ్గుపడి దాక్కోకండి. ప్రార్థించండి, డాక్టరు దగ్గరకూ పొండి, రెండు చోట్లా ఆయన మీ చెయ్యి వదలడు, నమ్మండి!

ఆపరేషన్ సంగతి మీరు కూడా మైకులో చెప్పండని అయ్యగారిని రెండుసార్లు అడిగాను. "మహిమ దేవునికే కదమ్మా, దారి ఏదైతేనేం" అన్నారు. వారంటే నాకు గౌరవమే, కానీ ఆ జవాబు నాకు చాలదు. అందుకే ఈ పత్రిక ముఖంగా మళ్లీ అడుగుతున్నాను: ఆ డాక్టరమ్మ చేతిని కూడా దేవుడే చేశాడని మైకులో చెబితే, ఆయన మహిమలో ఏం తగ్గిపోతుంది?