నౌయా ఒప్పుకున్న ఫొటో

మా వదిన ఉలీపీకా కెమెరా పట్టింది కోపంతో.

ఉత్తరధ్రువం దగ్గరి మా ఊరు పాంగ్నిర్తుంగ్‌లో బడిపిల్లలకి వండిపెట్టే మనిషి ఆమె. నలభై దాటాక కంటి పరీక్షకని విమానమెక్కించి నగరంలోని ఆసుపత్రికి పంపారు. అక్కడ వరండా గోడకి పాత ఫొటో ఒకటి వేలాడుతోంది. గుడారం ముందు చంకలో కుక్కపిల్లతో ఏడేళ్ళ పిల్ల. కింద ‘ఉత్తరధ్రువపు పిల్ల’ అని రాసుంది. ఆ పిల్ల తనే! ఎప్పుడో ఎవరో వచ్చి తీసుకుపోయిన ఆ ఫొటోని మా ఊళ్ళో ఒక్కరూ చూడలేదు. వదిన నర్సుని పిలిచి అది తనేనని చెప్పింది. నర్సు గోడనీ వదిననీ మార్చి మార్చి చూసి, అడగ్గానే పెన్ను ఇచ్చింది. వదిన కింద తన పేరు రాసి, పక్కనే కుక్కపిల్ల పేరు కూడా రాసొచ్చింది.

వచ్చేటప్పుడు కెమెరా కొనుక్కొచ్చింది.

మొదట్లో ఫొటోలు కుదరలేదు. ఆమె వస్తోందని తెలిస్తే చాలు, తల్లులు పిల్లలకి తలలు దువ్వి, కొత్త కోట్లు తొడిగి వరసగా నిలబెట్టేవారు. “వీళ్ళు పిల్లలా, కొట్లో పేర్చిన డబ్బాలా?” అని విసుక్కునేది వదిన. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా వెళ్ళడం మొదలుపెట్టింది. కెమెరా చలికి మొరాయించకుండా కోటు లోపల వెచ్చగా దాచుకునేది. బోర్లించిన పడవ కింద పేకాడే పిల్లలు, తల్లి కోటు వెనకుండే టోపీసంచిలో నోరు తెరుచుకుని నిద్రపోయే పసివాడు, తడిసిన మేజోళ్ళు పొయ్యి మీద ఆరేస్తూ వాటిని మాడ్చేసిన అన్నదమ్ములు, ఇలా ఎవరిని తీసినా ముందు అడిగేది. పిల్లలు కనుబొమలెత్తితే సరేనని, ముక్కు ముడిస్తే వద్దని అర్థం. ఎవరి ఫొటో అయినా ఒక కాపీ వాళ్ళ చేతికే ఇచ్చేది.

ఊళ్ళో పిల్లలందరూ కనుబొమలెత్తారు గానీ, మా ఆరేళ్ళ నౌయా మాత్రం ఎత్తలేదు.

నౌయా నా కూతురు. అది పుట్టే ముందు చలికాలంలోనే వదిన తండ్రి పోయాడు. ఆయన పేరే దీనికి పెట్టాం. మాలో పేరొచ్చిందంటే ఆ మనిషే తిరిగొచ్చినట్టు. అందుకే యాభైకి దగ్గరపడ్డ వదిన దాన్ని “నాన్నా” అని పిలుస్తుంది. అది ఆమెని “అమ్మాయ్” అంటుంది. ఆ పెద్దాయన కూడా ఎవరు కెమెరా తీసినా మొహం తిప్పేసుకునేవాడు. ఆయన ఫొటో వదిన దగ్గర ఒక్కటీ లేదు.

“నాన్నా, ఒక్కటి తీసుకోనీ,” అని బతిమాలింది ఒకరోజు.

నౌయా ముక్కు ముడిచింది. “నా ముందుపళ్ళు ఊడిపోయాయి కదమ్మాయ్.”

“పళ్ళు లేకపోయినా నువ్వు మా నాన్నవే.”

“అయితే నాన్న చెప్పిన మాట విను.”

మేమందరం పడీపడీ నవ్వాం. వదిన కూడా నవ్వింది గానీ, కెమెరా లోపల పెట్టుకునేటప్పుడు ఆమె మొహం చిన్నబోవడం నేను చూశాను. ఆ ఏడాదంతా మళ్ళీ అడగలేదు.

మే నెలలో, ఇంకా గడ్డకట్టే ఉన్న సరస్సు మీదకి చేపలకి వెళ్ళాం. మంచులో కన్నం చేసి దాని పక్కన బోర్లా పడుకుని గాలం ఆడిస్తున్న నౌయా ఉన్నట్టుండి కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది. తన చెయ్యంత పొడుగు చార్ చేపని ఎవరి సాయమూ లేకుండా లాగి పడేసింది. దాని జీవితంలో మొదటి చేప. లేచి, గట్టిగా పిలిచింది.

“అమ్మాయ్, ఇప్పుడు తియ్యి.”

ఆ రోజు కెమెరా అవతలి ఒడ్డున గుడారంలోనే ఉండిపోయింది. వదిన అంత దూరమూ పరిగెత్తింది, రెండుసార్లు జారి పడింది కూడా. అయితే మా ఆనవాయితీ ప్రకారం మొదటి చేపని, పట్టిన చేత్తోనే అందరికీ పంచాలి. అందరమూ ఆకలి మీదున్నాం, పచ్చిదే తినడం మొదలెట్టాం. ఆమె రొప్పుతూ వచ్చేసరికి మంచు మీద ముళ్ళూ తలకాయా మాత్రమే మిగిలాయి.

నౌయా తన చేతితొడుగులోంచి ఒక ముక్క బయటికి తీసింది. పొట్టదగ్గరి కొవ్వు ముక్క, చేపలో అన్నిటికంటే రుచైన భాగం.

“నీకని దాచాను. తొందరగా తిను, గడ్డకట్టేస్తుంది.”

వదిన అక్కడే మంచు మీద కూలబడి తినేసింది. వేళ్ళు నాక్కుని, కెమెరా ఎత్తి అడగబోయేలోపే నౌయా కనుబొమలు టోపీ అంచు దాకా వెళ్ళాయి.

మూడు ఫొటోలు తీసింది. రెండింటిలో నౌయా నెత్తుటి చేతులు చాపి, చేప ఇంత పొడుగని చూపిస్తోంది. వెనక మేమందరం బుగ్గల నిండా చేపతో ఉన్నాం. మూడోది నవ్వుతో వదిన చెయ్యి వణికి మసకబారింది. వదిన తన వంటింట్లో టీ కెటిల్ పైన తగిలించుకుంది ఆ మసక ఫొటోనే.