వెన్ను మీద పాదం

మీ ఇంట్లో ఎవరికైనా నడుం పట్టేస్తే ముందు ఎవరిని వెతుకుతారు, డాక్టరునా, తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో వచ్చిన మనిషినా? బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున పై అంతస్తు ఆవిడ రాసింది: "మావారు స్కూటరు మీంచి పడ్డారండీ, నడుం కదలట్లేదు, కాళ్లు తిమ్మిరంటున్నారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లుంటే దయచేసి వచ్చి ఒక్కసారి తన్ని వెళ్లండి." కింద వరసగా దణ్ణం బొమ్మలు. నవ్వబోయాను. తిమ్మిరి అన్న మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

మా మేనత్త అలా పుట్టిన మనిషే. కృష్ణ ఒడ్డున మా లంక ఊళ్లో ఆవిడ కుడిపాదానికున్న గౌరవం ఆవిడకి లేదు. పట్టిన నడుములన్నీ మా అరుగు మీద బోర్లా పడుకునేవి. ఆవిడ పసుపు రాసుకున్న పాదంతో మెల్లగా తన్నేది. పట్టిన కండ నాలుగు రోజులకి దానంతటదే వదులుతుందని, పేరు మాత్రం పాదానికి పోతోందని ఎవరికీ తట్టలేదు.

ఒక వానాకాలం మా బాబాయి అరటిగెలలు ఎక్కిస్తూ లారీ మీంచి వెల్లకిలా పడ్డాడు. జబ్బలు పట్టుకుని మోసుకొచ్చి అరుగు మీద బోర్లా వేశారు. "కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయక్కా" అన్నాడు. అత్త జంకింది.

"ఆసుపత్రికి పోదాంరా. ఇది పట్టుడులా లేదు."

"చిన్నప్పుడు అడక్కుండానే తన్నేదానివిగా. ఇప్పుడు బతిమాలించుకుంటున్నావా?"

అందరూ నవ్వారు. ఆవిడ కాలెత్తింది. అరటాకు ఈనె విరిగినట్టు లోపల చిటుక్కుమంది. కాసేపటికి బాబాయి మెల్లగా అడిగాడు: "అక్కా, నా కాళ్లెక్కడ పెట్టారు?"

పడ్డప్పుడు వెన్నుపూస చితికిందనీ, లోపలి నరాల తాడు ఆ తర్వాతే నలిగిందనీ డాక్టరు చెప్పాడు. ఈనె విరిగిన ఆకు వెంటనే ఎండదు, పచ్చగానే వేలాడుతుంది. బాబాయి చాలా ఏళ్లు మంచంలో అలాగే ఉన్నాడు. ఆ రోజు నుంచీ నడుం పట్టుకుని ఎవరొచ్చినా అత్త గుమ్మం దాటేది కాదు. "ఎవరో తప్పు చెప్పారండీ, నేను అందరిలాగే పుట్టాను" అనేది.

మొన్న నేను పై అంతస్తుకి వెళ్లేసరికి ఆ గుమ్మం ముందు ఎవరివో చెప్పులు విడిచి ఉన్నాయి. లోపల మంచం పక్కన ఒక పెద్దాయన కాలెత్తడానికి పంచె సవరించుకుంటున్నాడు. అంబులెన్సుకి ఫోను చేసి, అది వచ్చేదాకా ఆ మంచానికి అడ్డంగా నిలబడ్డాను. ఇన్నేళ్ల కాలం మా అరుగును కూల్చగలిగింది గాని, ఆ పాదాన్ని మాత్రం ఫోనులో పెట్టి మూడో అంతస్తుకి మోసుకొచ్చింది. పడ్డ మనిషిని కదపకండి, తన్ననివ్వకండి, అంబులెన్సు పిలవండి. అది వచ్చేదాకా మీరూ అడ్డంగా నిలబడండి.