కిక్కిస గడ్డిలో ఈస్టరు చొక్కా

యాభై ఏళ్ళ పైచిలుకు నుంచి ఒక చొక్కా నా గుండె మీద తడిగుడ్డలా పడి ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, అదే నా ధైర్యం.

ముందు మా సంఘంలో అందరికీ తెలిసిన సంగతి చెప్పనివ్వండి. మూడు పగళ్ళు, మూడు రాత్రులు కొల్లేటి నీళ్ళలో ఉండి ప్రాణాలతో బయటపడ్డ మనిషిని నేను. తెల్లబట్టలు కట్టుకున్న ఆయనొకరు నీళ్ళ మీద నడిచొచ్చి, నా చెయ్యి పట్టుకుని గట్టుకి చేర్చారు. ఈ సాక్ష్యం చెప్పి భీమడోలు నుంచి ఆకివీడు దాకా ఎన్ని ప్రార్థన కూడికల్లో ఎంతమంది చేత కంటతడి పెట్టించానో నాకే తెలీదు.

సరే. మూడు రోజులు కాదు, రెండే. తెల్లబట్టలాయన మొదట్లో లేరు, ఓ అయిదారేళ్ళ తర్వాత వచ్చి చేరారు. ఏలూరు డిపోలో కండక్టరుగా చేసిన నోరు నాది, ఊరికే ఉండలేదు. అంతవరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ రెండు రోజులూ నేను అసలు నీళ్ళలోనే లేను.

తాడేపల్లిగూడెంలో ఉన్నాను. సినిమా హాల్లో, నేల మీద కూర్చుని.

అప్పుడు నాకు పదహారేళ్ళు. మా ఊరు కొల్లేటి ఒడ్డునే. ఆ ఏడు పండక్కి అమ్మ తన చేత్తో తెల్లచొక్కా కుట్టింది. ఈస్టరు పొద్దున దాకా తొడగొద్దంది. గుడ్ ఫ్రైడే ముందురోజు నేను బాబాయి తాటిదోనె వేసుకుని బయల్దేరాను. పాత చొక్కా విప్పి దోనెలో పడేసి, కొత్తది తొడుక్కున్నాను. అవతలి గట్టున దిగి, భీమడోలు దాకా నడిచి రైలెక్కాను. దోనెను సరిగా కట్టలేదు. అది పొరపాటు. పొరపాటైతే ఇన్నేళ్ళు మోసేవాణ్ణి కాదు.

శనివారం మధ్యాహ్నం తిరిగొచ్చి భీమడోలు స్టేషనులో దిగాను. టీ దుకాణం దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఫలానా ఊరి కుర్రాడు మునిగిపోయాడట, ఖాళీ దోనెలో చొక్కా దొరికిందట, రెండు రోజులుగా గెడలేసి వెతుకుతున్నారట. ఆ కుర్రాడు నేనేనని అర్థమయ్యేసరికి దుకాణం వెనక్కి నక్కాను. అమ్మ గుర్తొచ్చి కాదు. బాబాయి గెడకర్ర గుర్తొచ్చి.

అప్పుడు చేశాను, తెలిసి చేశాను. కొల్లేటి ఒడ్డుకి వెళ్ళి, ఒంటి మీద కనిపిస్తే దొరికిపోతానని అమ్మ కుట్టిన చొక్కా విప్పి, కిక్కిస గడ్డి మొదట్లో బురదలోకి కాలితో తొక్కాను. చొక్కా చెయ్యి ఒకటి పైకి తేలింది. మళ్ళీ తొక్కాను. నీళ్ళలో మునిగి, ఒళ్ళంతా బురద పూసుకుని, చుట్టూ తిరిగి, మా ఊరి రేవుకి కొంచెం ఎగువన గట్టు మీద పడుకున్నాను. గెడలతో వస్తున్నవాళ్ళు చూసి కేకలేశారు. అమ్మ పరిగెత్తుకొచ్చింది. రెండు రోజుల్లో మనిషి సగమైంది.

“ఎవర్రా నాన్నా, నిన్ను గట్టుకి చేర్చింది?”

“తెలీదమ్మా. ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు.”

“మనిషేనా?”

నేను మాట్లాడలేదు. అబద్ధం చెప్పడానికి క్షణం పట్టింది, కానీ ఆ రెండో ప్రశ్నకి ఊరుకోవడం ఉంది చూశారూ, అది అబద్ధం కంటే పెద్దది. అమ్మ ఆ బురదలోనే మోకాళ్ళూనింది.

మర్నాడు ఈస్టరు. పాస్టరుగారు నన్ను గుడిలో ముందు నిలబెట్టారు. అమ్మ ఏదో మొక్కుకుందని ఆడవాళ్ళు చెప్పుకోగా విన్నాను. ఏం మొక్కుకుందో అడగడానికి నోరు రాలేదు. అడగక్కర్లేదు కూడా, కళ్ళెదురుగా కనిపిస్తోందిగా అనుకున్నాను. శనివారం వస్తే చాలు, అమ్మ గుడి ఊడ్చేది, నేల కడిగేది, బల్ల మీద గుడ్డ ఉతికి ఆరేసేది. వండే ప్రతిపూటా గుప్పెడు బియ్యం తీసి సంఘం కుండలో వేసేది. గంట కొట్టేవాడు రాకపోతే తనే కొట్టేది. ఎనభై దాటాక కూడా, చీపురు పట్టుకోవడానికి వేళ్ళు ముడవలేకపోతే, మణికట్టుకి కట్టుకుని ఊడ్చింది. అంతకుముందు కూడా ఊడ్చేదా? నాకు గుర్తులేదు. నా గుర్తంతా ఆ శనివారంతోనే మొదలవుతుంది.

ఆ వంగిన నడుము చూసినప్పుడల్లా లోపల ఒకటే గొణుగుడు. ఈ చాకిరీ నా అబద్ధానికి కదా? ఇప్పుడు చెబితే ఆ మనిషి దగ్గర ఏం మిగులుతుంది? చెప్పకపోతే నా దగ్గర ఏం మిగులుతుంది? ఏమీ తేల్చుకోలేక, సాక్ష్యాన్ని ఇంకాస్త పెంచుతూ పోయాను.

దానికి బదులుగా అన్నట్టు అమ్మను బాగా చూసుకున్నాను. ఇది మాత్రం అబద్ధం కాదండీ. ఆదివారం ఆరాధన కాగానే నేనే రేవుకి వెళ్ళి, బతికున్న కొరమేను ఏరి తెచ్చేవాణ్ణి. తల్లికి అంత మంచి చేప పెట్టిన కొడుకు మా చుట్టుపక్కల లేడు. అమ్మ బూడిద రాసి తోమి, పులుసు పెట్టి, నడిమి ముక్కలు నాకు వడ్డించి, అందరూ తిన్నాక తను కూర్చునేది. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది అమ్మ ఏలూరు ఆస్పత్రిలో పడింది. అక్కడికీ క్యారేజీలో పులుసు పట్టుకెళ్ళాను. ముఖం పక్కకి తిప్పుకుని, “నువ్వు తినరా నాన్నా” అంది. నాలిక చచ్చిపోయిందనుకున్నాను. ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ క్యారేజీ మూత బిగించాను. నాలుగో రోజు అమ్మ పోయింది.

వచ్చే ఆదివారం అమ్మ జ్ఞాపకార్థ కూడిక. “మీ సాక్ష్యంతోనే మొదలుపెడదామండీ” అన్నారు ఇప్పటి పాస్టరుగారు. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. నిలబడి ఆ తెల్లబట్టలాయన్ని మళ్ళీ నడిపించాలా? లేక అమ్మ ఫొటో ముందే అంతా కూల్చెయ్యాలా?

నిన్న తాడేపల్లిగూడెం నుంచి మా అక్క సువార్త వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పైన రాసిందంతా దానికి చదివి వినిపించాను. చొక్కా దగ్గర కూడా ఆపలేదు. అయిపోయాక ఊపిరి తీసుకున్నాను. బయటికొచ్చేసింది. క్షమాపణ ఎవరూ ఇవ్వనక్కర్లేదు, వినడానికి ఒక మనిషి దొరికింది, అంతే చాలనిపించింది. ఆదివారం ఇదే చదువుతానన్నాను.

అక్క వింటున్నంతసేపూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది. చివరికి తలెత్తింది.

“చదువు. కానీ తప్పు రాశావు. గుడి ఊడవడం నీకోసమని ఎవరు చెప్పార్రా? అమ్మ కాపురానికొచ్చిన ఏటినుంచీ ఊడుస్తోంది. శనివారాలు నువ్వు ఇంటిపట్టున ఉంటేగా తెలియడానికి? అమ్మ గుడి ఊడవనిది ఆ ఒక్క శనివారమే, నిన్ను వెతుక్కుంటూ.”

“మరి మొక్కు?”

“కొల్లేరు నిన్ను తిరిగిస్తే, కొల్లేటి చేప ఇక నోట పెట్టనంది. పెట్టలేదు. నువ్వు తెచ్చిన కొరమేనులన్నీ వండింది, మనకి పెట్టింది, ఆఖర్న పచ్చడి మెతుకులు తిని లేచింది. అదే గదిలో తిన్నావు, ముప్పై ఏళ్ళ పైన. అది రాయి.”