హాజరీలో మా అమ్మాయి వంతు

కాలువ తూము దగ్గర నిలబడితే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. నీళ్ళ హోరు అలాంటిది. అందుకని మా క్యాంపులో పొలాల్లో ఉన్నంతసేపూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. పైచేను తడవటం అయిపోతే ఆ చేను ఆసామి కర్రకి తువ్వాలు కట్టి పైకెత్తేవాడు. అది చూసి మా ఆయన చెయ్యి కిందికి ఊపితే నేను మడవ తీసి మా చేలోకి నీళ్ళు వదలాలి. రెండు అరచేతులూ నేలకేసి నొక్కితే మన వంతు అయిపోయింది, కట్టెయ్యమని. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పితే మళ్ళీ ఎప్పుడు అని అడగటం. దానికి జవాబు ఇన్ని రోజులకని వేళ్ళు చూపించటం.

మా అమ్మాయికి వచ్చిన భాష ఇదొక్కటే.

మేం కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని కర్ణాటకలో సింధనూరు తాలూకాకి వచ్చిన రెండేళ్ళకి అది పుట్టింది. అప్పటికి క్యాంపంటే తుమ్మచెట్ల మధ్య పది పదిహేను పూరిళ్ళు. దానికి మూడేళ్ళప్పుడు పిల్లకాలువ కోసం దగ్గర్లో బండలు పేల్చారు. ఇళ్ళల్లో గిన్నెలు కదిలినయ్. పిల్లలందరూ ఏడుస్తూ తల్లుల దగ్గరకి పరిగెత్తారు. ఇది మాత్రం వాకిట్లో కూర్చుని మట్టితో మడులు కట్టుకుంటూనే ఉంది. తలెత్తి కూడా చూడలేదు.

"మాటలు ఆలస్యంగా వస్తాయిలే అమ్మాయ్. మీ ఆయనకి నాలుగో ఏట వచ్చినయ్" అంది మా అత్తగారు. ఆవిడ నన్ను ఓదార్చిందో తనని తాను ఓదార్చుకుందో తెలియదు. పేలుళ్ళప్పుడు ఆవిడా దాన్నే చూసింది.

రాయచూరు దవాఖానాకి తీసుకెళ్ళాం. డాక్టరు దాని వెనక నిలబడి తాళంచెవుల గుత్తి ఆడించాడు, చప్పట్లు కొట్టాడు. పుట్టుకతోనే వినపడదన్నాడు. ఏం చెయ్యాలయ్యా అంటే ఏదో చీటీ రాసిచ్చి తరవాతి మనిషిని పిలిచాడు. ఆ చీటీలో ఏముందో చదివి చెప్పేవాళ్ళు క్యాంపులో లేరు. బియ్యం డబ్బాలో దాచాను. కొన్నాళ్ళకి అది ఏమైపోయిందో కూడా తెలియలేదు.

బడి కావాలని క్యాంపు వాళ్ళు సర్కారుకి దరఖాస్తు పెట్టుకున్నది దానికి ఆరో ఏడు నడుస్తున్నప్పుడు. సర్కారు వాళ్ళు, పాక మీరు వేసుకోండి, పిల్లలు సరిపడా ఉంటే మేష్టర్ని మేమిస్తాం అన్నారు. పాక వేశాం. వరిగడ్డి మేమే మోశాం. పిల్లలే ముగ్గురు తగ్గారు. క్యాంపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అందరం బాబాయి అనేవాళ్ళం. ఆయన మా ఇంటికొచ్చాడు.

"నీ కూతురి పేరు రాయిస్తున్నానమ్మాయ్."

"దానికి వినపడదు కదా బాబాయ్."

"వాళ్ళు లెక్కపెట్టేది తలకాయల్నే, చెవుల్ని కాదు. దానికి తలకాయ ఉందా లేదా?"

నవ్వాను. నిజం చెప్పాలంటే సంతోషించాను. కాయితంలో పిల్లకి ఏదైనా లోపం ఉందా అని అడిగే చోట బాబాయి ఏమీ లేదని చెప్పాడు. నేను వేలిముద్ర వేశాను. బడి వచ్చింది.

మేష్టారు కుర్రవాడే. రాయచూరు బజారులో వాళ్ళ నాన్నకి కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగే, బళ్ళో చెప్పేది కన్నడం. ఆయన తెలుగు మాకు నవ్వుగా ఉండేది, మా తెలుగు ఆయనకి నవ్వుగా ఉండేది. వారం తిరక్కుండా నన్ను పిలిపించాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఏందమ్మా గిది? పిల్లకు ఇనబడదని ముందుగాల జెప్పొద్దా?"

"చెబితే చేర్చుకునేవాళ్ళా?"

ఆయన హాజరీ పుస్తకం మూశాడు. "నాలుగు క్లాసులు, నేనొక్కణ్ణి. గిసుంటి పిల్లలకు ఎట్ల జెప్పాల్నో నాకు ట్రైనింగుల ఎవరు నేర్పలే. పేరు ఉండనీ. పిల్లను ఇంట్ల ఉంచుకో."

ఉంచుకుంటే ఉండే పిల్ల కాదది. పొద్దున్నే పెంకుముక్క పలకలా చంకలో పెట్టుకుని అందరికంటే ముందు బడి గుమ్మంలో నిలబడేది. తరిమితే తూము దాకా వచ్చి, అక్కణ్ణించి మళ్ళీ వెనక్కి పోయేది. కూర్చోనిస్తే చాలు, ఇంకేం అడగనని మేష్టార్ని బతిమాలాను.

"కూసోనీ. గని ఇన్స్‌పెక్టరు సాబు వచ్చిననాడు హాజరీల పేర్లు పిలుస్తడు. ఈ పిల్ల పలకకపోతే దొంగపేరు రాసినమంటడు. ఇస్కూలు మంజూరీ పోతది. అందరి పిల్లల నోట్ల మట్టి కొట్టినట్లయితది. ఆలోచన జేస్కో."

ఆలోచన చేశాను. దాని గురించి నేను చేసిన ఆలోచనల్లో అంత తెలివైనది మరొకటి లేదు, అంత చెడ్డదీ మరొకటి లేదు.

నాట్ల రోజులు. నారు కట్టలు గట్టు మీద వరసగా పెట్టాను. ఒక్కో కట్టా ముట్టుకుంటూ ఒక్కో పిల్లని చూపించాను. ఇది పక్కింటి పిల్ల, దీని తరవాత నువ్వు. దానికి తెలియలేదు. అప్పుడు పక్కింటి పిల్ల కట్ట మీద నా తువ్వాలు పైకెత్తాను, పైచేను ఆసామి ఎత్తినట్టు. దాని మొహం విచ్చుకుంది. పైచేను తడిసింది, ఇప్పుడు మన వంతు. టక్కున లేచి నిలబడి, నేను చూపించినట్టే రెండు చేతులూ జోడించింది. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ తప్పు లేకుండా లేచింది. బురద చేతులతోనే దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాను.

మేష్టారికి చూపిస్తే ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. ఆ రోజు నుంచి బళ్ళో ఎవరూ నోటితో పలకనక్కర్లేదు, పేరు పిలవగానే లేచి దణ్ణం పెట్టాలి అని కట్టడి చేశాడు. దానితో మా పిల్లకీ మిగతా పిల్లలకీ తేడా లేకుండా పోయింది. బోర్డు మీద ఏది రాస్తే అది పలక మీద అచ్చు దించేది. కన్నడ అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా రాసేది. వాటికి అర్థముంటుందని మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పటం ఎవరికీ తెలియదు.

ఇన్స్‌పెక్టరు గారు కాలువ రోడ్డు మీద జీపులో వచ్చారు. మగవాళ్ళు పొలాల్లో ఉన్నారు. మేం నలుగురం ఆడవాళ్ళం మజ్జిగ పట్టుకుని వెళ్ళి పాక బయట నిలబడ్డాం. హాజరీ పిలిచారు. పక్కింటి పిల్ల లేచింది, కూర్చుంది. మా పిల్ల లేచి దణ్ణం పెట్టింది. ఇన్స్‌పెక్టరు గారు దాని పలక తీసుకుని చూసి, దాని తల నిమిరి, కన్నడంలో ఏదో మెచ్చుకున్నారు. అది ఆయన మొహం చూసి నవ్వింది.

తరవాత ఆయన సంచీలోంచి ఒక కాయితం తీశారు. మేష్టార్ని ఏదో అడిగారు. మేష్టారు ఒక్క క్షణం బయట నిలబడ్డ నావైపు చూసి, లేదన్నట్టు తల ఊపాడు. ఆ కాయితం మా దగ్గరకి వచ్చింది. తల్లిదండ్రుల ముద్రలు కావాలట.

"ఏం రాసుంది మేష్టరుగారూ?" అని అడిగాను.

"ఇస్కూలు మంచిగ నడుస్తున్నదని. ఎయ్యమ్మా."

వేశాను. జీపు వెళ్ళిపోయాక మా పిల్ల చేతిలో బెల్లంముక్క పెట్టాను. ఆ రోజు నా అంత గర్వపడ్డ తల్లి క్యాంపులో లేదు.

నాలుగేళ్ళు గడిచాయి. అది ఒకటో తరగతిలోనే ఉంది. చిన్నపిల్లల మధ్య తాటిచెట్టులా కూర్చుని అవే అక్షరాలు దించుతూ ఉండేది. ఒక సంత రోజు సింధనూరులో రిబ్బన్ల కొట్టు దగ్గర నిలబడ్డాం. పక్కన ఇంకో క్యాంపు ఆవిడా, ఆవిడ కూతురూ. ఆ పిల్లకి మా దాని వయసే. కొట్టువాడు ఏ రంగు కావాలని అడుగుతుంటే ఆ పిల్ల సుద్దముక్కతో కొట్టు బల్ల మీద ఏదో రాసింది. కొట్టువాడు చదివి ఆకుపచ్చది తీసిచ్చాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి మళ్ళీ ఏదో రాసింది. వాడు దాన్నీ చదివి, వెడల్పుది తీసిచ్చాడు.

మా పిల్ల రిబ్బన్ల వంక చూడటం లేదు. బల్ల మీద సుద్దరాత వంకే చూస్తోంది. ఆ అక్షరాలు దానికి తెలుసు. వాటితో రిబ్బను తెప్పించుకోవచ్చని దానికి తెలియదు.

"మీ అమ్మాయికీ..." అని నా చెవి చూపించుకుంటూ అడిగాను.

"అవునమ్మా, పుట్టు చెవుడు. సర్కారు బళ్ళో చదువుతోంది, దూరం. అన్నం, బట్ట, పుస్తకం అన్నీ వాళ్ళవే. సెలవలకి వచ్చింది. మీది కూడానా? మరి పంపలేదేం? నాలుగేళ్ళ కిందట అన్ని బళ్ళకీ కాయితం వచ్చిందే, ఇలాంటి పిల్లలుంటే పేర్లు రాయమని. మీ బడికి రాలేదా?"

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా బడి దగ్గరకే వెళ్ళాను. మేష్టారు సైకిలు తీస్తున్నాడు.

"ఆ రోజు కాయితం దేనిదయ్యా?"

సైకిలు మళ్ళీ గోడకి ఆనించాడు. అబద్ధం చెప్పలేదు. అది ఆయనలో మంచి.

"చెవుడు, గుడ్డి, కుంటి పిల్లలు ఈ ఇస్కూల్ల లేరని రాసుకొచ్చిన కాయితం. ఉన్నదని జెప్తె, మరి చేర్చుకున్నప్పుడు లోపం లేదని ఎట్ల రాసినవంటడు. నా నౌకరీ పోతది, ఇస్కూలు పోతది. నలభైమంది పిల్లలమ్మా."

"ఒక్కదాని సంగతి?"

"నువ్వే గద అమ్మా నేర్పినవ్, లేసి దణ్ణం పెట్టుమని. నువ్వే గద ముద్ర ఏసినవ్."

లోపలికి వెళ్ళి పెట్టెలోంచి నకలు తీసి చూపించాడు. కింద వరసగా నాలుగు వేలిముద్రలు. నాది ఏదో నాకే తెలియలేదు.

మా ఆయనా నేనూ దాన్ని తీసుకుని రాయచూరు ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాం. మొదటిసారి సాబు లేడన్నారు. రెండోసారి దవాఖానా చీటీ తెమ్మన్నారు, మళ్ళీ చూపించి కొత్తది తెచ్చాం. మూడోసారి గుమాస్తా ఫైలు తిప్పి చూశాడు. రికార్డులో పిల్లకి లోపం లేదని ఉంది, ఉందని ఇప్పుడు రాసినా చేర్చుకునే వయసు దాటిపోయింది అన్నాడు. ఎవరు దాటించారయ్యా అని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన అన్నాడు, "సర్కారునేం అంటావే, చెవులున్నాయని రాసిచ్చింది మనమేగా."

"నేను రాయలేదు. నాకు రాయటం వస్తేగా! నేను వేలు పెట్టాను."

మా పిల్ల కిటికీ దగ్గర కూర్చుని మైలురాళ్ళ మీద అక్షరాలు వేలితో గాలిలో దించుకుంటూ వచ్చింది.

ఇన్నేళ్ళుగా ఆ తగువు నాలో నేనే పడుతున్నాను. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. బాబాయి అబద్ధమాడాడు, మేష్టారు అబద్ధమాడాడు, నేను నా పిల్ల చేత అబద్ధమాడించాను. కానీ మాకు ఆ అబద్ధం ఎందుకు కావలసి వచ్చింది? తలకాయలు సరిపోకపోతే బడి ఇవ్వం అన్నది సర్కారు. మేష్టర్ని పంపింది గానీ ఇలాంటి పిల్లకి ఎలా చెప్పాలో నేర్పి పంపలేదు. ఫారం పంపింది గానీ అది చదివి చెప్పే మనిషిని పంపలేదు. పిల్ల ఎదురుగా నిలబడి దణ్ణం పెడితే, దాని చెవి దగ్గర ఒక్కసారి చప్పట్లు కొట్టి చూసిన వాళ్ళు లేరు. బరువంతా సంతకం కూడా పెట్టలేని నా వేలి మీద పెట్టి సర్కారు వెళ్ళిపోయింది.

బదిలీ అయి వెళ్ళేటప్పుడు మేష్టారు ఆ నకలు తెచ్చి నాకిచ్చాడు. "నా తాన ఉంచుకోలేనమ్మా" అన్నాడు. ఆయన తరవాత వచ్చిన పంతులమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పేది. అప్పటికి నాకు నలభై దాటాయి. ముందు కన్నడం నేర్చుకున్నాను, ఆ ఒంపుల్లోంచే తెలుగూ పట్టుబడింది. ఇంట్లో నా చెయ్యి పట్టుకుని దిద్దించింది మా అమ్మాయే. నా రాత చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. గుండ్రాలు రావటం లేదని నెత్తిన ఒక్కటి వేసేది. నేను నేర్చుకున్న అర్థాలు దానికి చెప్పాలని నీళ్ళు చూపించి నీళ్ళనీ, వరి చూపించి వరి అనీ రాశాను. అలాంటివి కొన్ని పట్టుకుంది. చేత్తో చూపించలేని మాటలు మాత్రం దానికి ఎక్కించలేకపోయాను. నేనూ అప్పుడే నేర్చుకున్నదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ నకలు బయటికి తీసి కూడబలుక్కుని చదివాను. "ఈ పాఠశాలలో అటువంటి పిల్లలు ఎవరూ లేరు." అది నా పక్కకొచ్చి కూర్చుంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఏమిటిది అన్నట్టు కనుబొమలెగరేసింది.

బడి పాక చూపించాను. ఆ రోజు రిబ్బన్ల కొట్టు దగ్గర చూసిన పిల్లని గుర్తుచేశాను. బల్ల మీద సుద్దతో రాయటం చూపించాను. అది తల ఊపింది, ఆ పిల్లని మరిచిపోలేదు. అలాంటి బడి నీకూ రావలసింది అని దాని గుండె మీద చెయ్యి వేశాను. తరవాత రెండు అరచేతులూ నేలకేసి నొక్కాను. అయిపోయింది.

దానికి అంతా అర్థమైందనుకుంటాను. ఏడవలేదు, కోపం తెచ్చుకోలేదు. కాలువలో వంతు పోతే ఎవరూ ఏడవరు, మళ్ళీ వస్తుందిగా. కాసేపు కాయితం వంక చూసి, చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పి నా చేతుల వంక చూసింది, ఎన్ని వేళ్ళు చూపిస్తానో అని.