చెవులాయన, గాజు కన్ను

వీధిలో అందరూ ఆయన్ని చెవులాయన అంటారు గానీ ఆయన బతుకుతెరువు కళ్ళతోనే. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, తిరిగే సానరాయి ముందు కూర్చుని, అద్దాల అంచులు ఫ్రేములకు సరిపోయేలా అరగదీస్తాడు. అద్దాన్ని ఒకసారి వేళ్ళ మధ్య పట్టుకున్నాడంటే, అది గాజో ప్లాస్టిక్కో చెప్పడానికి ఆయనకు చూడాల్సిన పని కూడా లేదు. గాజు చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. అంతే.

మరి చెవుల పేరెందుకొచ్చిందంటే, ఆయన ఇంటి ముందు గదిలో ఉన్న సీడీ ప్లేయరు వల్ల. అలాంటిలాంటిది కాదు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. ఒకప్పుడు ఆ కంపెనీ కొన్నాళ్ళే తయారు చేసి ఆపేసింది. మిగతా ఇళ్ళలో సీడీలు ఎప్పుడో అటకెక్కాయి, పాటలన్నీ ఫోన్లలోకి దూరాయి. ఈయన మాత్రం ఆ పెట్టె కింద నాలుగు ఇత్తడి కాళ్ళు పెట్టి, సాయంత్రం పూట దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ గట్టిగా అడుగు వేయకూడదు.

"పక్కింట్లో గరిటె పడితే వినిపిస్తుంది ఈ మహానుభావుడికి. మన గదిలో పిల్ల ఏడిస్తే మాత్రం నేనే వెళ్ళి చెప్పాలి" అని ఆయన భార్య నవ్వుతుంది. ఆవిడ బళ్ళో సైన్సు టీచరు. ఎగతాళి చేస్తుంది గానీ, పాట వస్తున్నంతసేపూ వంటగదిలో గిన్నెలు మాత్రం నెమ్మదిగానే దించుతుంది.

ఈ పిచ్చి అంటించింది ఆయన బావ, అంటే అక్క భర్త. అక్కకు పెళ్ళయిన కొత్తలో, పొట్టి లాగు వయసులో ఉన్న ఈ బావమరిది తలకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, "కళ్ళు మూసుకో. డ్రమ్ము ఎక్కడ మోగుతోందో వేలెత్తి చూపించు" అన్నాడు బావ. కుర్రాడు కుడి భుజం వెనక్కి చూపించాడు. "ఒసేయ్, మీ తమ్ముడివి బంగారు చెవులే!" అని బావ కేకేసి అక్కను పిలిచాడు. చిన్నప్పుడే తండ్రి పోయిన పిల్లాడికి అలా మెచ్చుకున్న మగమనిషి అతనొక్కడే. ఆ మాటను ఈయన ఇన్నేళ్ళూ జేబులో పెట్టుకునే తిరిగాడు.

బావకు ఆడియో దుకాణం ఉంది. దుకాణం పైగదిలో ప్రతి ఆదివారం ఉదయం ఆ ప్లేయరు ఉన్నవాళ్ళంతా చేరతారు. లెక్కబెడితే ఊళ్ళో పదిమంది దాటరు. తలుపులు వేసి, దీపాలార్పి, ఒక పాట వింటారు. తర్వాత ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పాలి. ఆ గదిలో దాన్ని అలాగే అంటారు, 'అనుభవం చెప్పడం' అని. వెనక కుర్చీలో ఎప్పుడూ ఒక కొత్త మనిషి ఉంటాడు, కొందామా వద్దా అని ఊగిసలాడుతూ. అందరిలోకీ చెవులాయన చెప్పింది వింటే ఆ ఊగిసలాట ఆగిపోయేది. "గాయని గొంతు సవరించుకోబోయి మానేసింది, ఆ ఊపిరి వినండి" అనేవాడు. ఆ మాటతో అందరికీ ఊపిరి వినిపించేది.

వాళ్ళకు ఒక కట్టుబాటు కూడా ఉంది. పెట్టె మూత ఎవరూ తీయకూడదు. మూత స్క్రూ మీద బావ సంతకంతో చిన్న సీలు కాగితం అంటించి ఉంటుంది. గారంటీ గడువు ఎప్పుడో తీరిపోయినా, సీలు చిరగకుండా ఉండటం ఆ పదిమందికీ పరువుకు సంబంధించిన విషయం. ఏ తేడా వచ్చినా పెట్టె బావ దగ్గరికే వెళ్ళాలి.

చెవులాయన లోపలి భాగం ఒక్కసారే చూశాడు, పెట్టె కొన్న రోజున. "నువ్వు అద్దాల మనిషివి కదరా, నువ్వే చూసుకో" అని బావ మూత తీశాడు. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దంతో చెవులాయన వంగి చూశాడు. పోత లోహపు చేయి, దాని చివర ఇత్తడి ఉంగరం, ఉంగరంలో డిస్కును చదివే బియ్యపు గింజంత గాజు కటకం. వెలుతురు పడితే నీలం, వంగపండు రంగు కలిసిన మెరుపు. అంత చిన్న గాజును అంత నున్నగా సాన పట్టిన చేతులెవరివో అని ఆయనకు ఒళ్ళు జలదరించింది. నిజం చెప్పాలంటే, ఆ గాజు కన్ను చూశాక పాట వినాల్సిన పని కూడా లేకపోయింది.

కిందటేడు పెట్టె కొన్ని డిస్కులు చదవడానికి మొరాయించింది. బావ పట్టుకెళ్ళి, బాగుచేసి, కొత్త సీలు అంటించి తెచ్చి ఇచ్చాడు. "కాస్త లోపల సర్దాను. విని, తేడా ఏమిటో నువ్వే చెప్పాలి" అన్నాడు. ఆ వచ్చిన ఆదివారం చెవులాయన చెప్పిన అనుభవం ఇప్పటికీ ఆ గదిలో చెప్పుకుంటారు. తెర తీసినట్టుందన్నాడు. గాయని ఒక అడుగు ముందుకొచ్చి తనతోనే మాట్లాడినట్టుందన్నాడు. ఆ పదిమందిలో ఒకడైన పళ్ళ డాక్టరుగారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన పెట్టె కూడా అప్పుడే బాగై వచ్చింది మరి.

ఇన్నాళ్ళ తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆ పెట్టెకు ఆకలేసిందని వాళ్ళ రెండేళ్ళ పాపకు అనిపించింది.

డిస్కు మార్చడానికి ట్రే బయటికి రప్పించి, చెవులాయన డిస్కు తుడిచే గుడ్డ కోసం లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ట్రే మూసుకుపోయి ఉంది. లోపల ఏదో కరకరలాడుతోంది. పాప చప్పట్లు కొడుతోంది.

"పెట్టెకి ఆం పెట్టా!"

ఆయనకు ముందు పెట్టె గుర్తు రాలేదు. పాప చేతులు లాక్కుని వేళ్ళన్నీ ఒకటికి రెండుసార్లు లెక్కబెట్టాడు. తర్వాత పెట్టెలోని లేజరు గుర్తొచ్చింది. కంటికి కనబడని వెలుగు. పిల్ల లోపలికి తొంగి చూసిందో ఏమో! గోడ మీది బల్లిని చూపించి "అదేంటమ్మా?" అన్నాడు, గడియారం చూపించి "ఇదేంటి?" అన్నాడు, తన ముక్కు చూపించి మళ్ళీ అడిగాడు.

భార్య పరుగెత్తుకొచ్చి సంగతి విని పాపను ఎత్తుకుంది. "ట్రే మూసుకుని డిస్కు తిరుగుతుంటేనే వెలుగుతుందది. దీని కళ్ళకేం కాలేదు. మీరు ఊపిరి పీల్చుకోండి."

"బిస్కెట్టు లోపలే ఉందే."

"అయితే తీయండి."

"సీలు ఉంది. బావ దగ్గరికి తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్ళి ఏం చెప్తారు? బంగారు చెవుల వారి పెట్టెకి బిస్కెట్టు తినిపించారని ఆదివారం అందరికీ చెప్పుకుని నవ్వుతారు. చీమలు పట్టకముందే తీసేయండి."

ఆ నవ్వులకు భయపడే ఆయన సీలు చింపాడు. మూత ఎత్తాడు.

బిస్కెట్టు ముక్కలు ఒక తెల్లని పళ్ళచక్రం మీద పడి ఉన్నాయి. ప్లాస్టిక్ పళ్ళచక్రం. దాని పక్కన కటకాన్ని మోసే ప్లాస్టిక్ బండి. పోత లోహపు చేయి లేదు, ఇత్తడి ఉంగరం లేదు. మరెవరి పెట్టె మూతో తీశానేమో అన్నట్టు ఆయన ఒకసారి వెనక్కి జరిగి చూశాడు. తర్వాత భూతద్దం తెచ్చుకున్నాడు. కటకం అంచు చదునుగా, కటకంతో కలిపే పోసి ఉంది. అంచున ఒకచోట చిన్న మచ్చ. అచ్చులోంచి తీసి తెంపినప్పుడు మిగిలే మచ్చ. అలాంటి మచ్చలు ఆయన సానరాయి కింద రోజూ అరిగిపోతూనే ఉంటాయి.

"బిస్కెట్టు వచ్చిందా?" అని భార్య వంటగదిలోంచి అడిగింది.

"వచ్చింది" అన్నాడు. తెర తీసినట్టుందని, గాయని ముందుకొచ్చిందని తాను చెప్పింది ఈ ప్లాస్టిక్ ముక్క గురించి.

మర్నాడు దుకాణంలో బావ ఒక్కడే ఉన్నాడు. చెవులాయన చిరిగిన సీలు కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. బావ దాన్ని చూశాడు, బావమరిదిని చూశాడు, లేచి వెళ్ళి దుకాణం తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"తీశావన్నమాట."

"నా గాజు కన్ను ఏది బావా?"

"డాక్టరుగారి పెట్టెలో ఉంది. ఆయనది పూర్తిగా చచ్చిపోయిందిరా. ఆ ముక్కలు ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా దొరకవు. నేను ఈ దుకాణం పెట్టింది ఆయన అండతోనే. ఏం చేయమంటావు?"

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఇచ్చేవాడు కాదని ఇద్దరికీ తెలుసు.

"నీది చిన్న తేడా. తుడిస్తే బాగయ్యేది" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "ఒట్టేసి చెప్తున్నా, ఆ వారం నాకు నిద్ర లేదు. వీడికి తెలిసిపోతుంది, ఆదివారం అందరి ముందూ నన్ను దులిపేస్తాడు అనుకున్నా. నువ్వు ఒక్క ముక్క, 'బావా, ఏదో తేడాగా ఉంది' అనుంటే, ఏదో ఒకటి చెప్పి వెనక్కి పెట్టేసేవాణ్ణి. నువ్వేమో తెర తీసినట్టుందంటివి!"

చెవులాయనకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "మరి నా చెవులు బంగారం అన్నావు."

"చిన్నపిల్లాడివి. కొత్త పెళ్ళాం ముందు వాళ్ళ తమ్ముణ్ణి మెచ్చుకోక ఏం చేస్తాను? ఆ పాటలో డ్రమ్ము ఎటు మోగుతుందో చెవిటివాడు కూడా చూపిస్తాడురా." అనేసి బావ నాలిక్కరుచుకున్నాడు. కానీ మాట బయటికొచ్చేసింది. "సరే, పోయిందేదో పోయింది. అక్కకి మాత్రం చెప్పకు. కుమిలిపోతుంది. ఆదివారం రా. ఒక బస్సు డ్రైవరు వస్తున్నాడు, రిటైరయ్యాడు. నా దగ్గరున్న ఆఖరి పెట్టె. నీ మాటే ఆధారం."

"దాన్లో ఏ కన్ను ఉంది?"

బావ చిరిగిన సీలు కాగితాన్ని ఉండ చుట్టి సొరుగులో పడేశాడు.

ఆదివారం చెవులాయన వెళ్ళాడు. వెనక కుర్చీలో బస్సు డ్రైవరు, ఇస్త్రీ చొక్కాలో, పరీక్షకొచ్చిన కుర్రాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "బతుకంతా హారన్లు విన్న చెవులండీ. ఇకనైనా కాస్త మంచిది విందామని. మీ చెవుల గురించి చాలా చెప్పారు" అన్నాడు. దీపాలారిపోయాయి. పాట అయిపోయింది. అక్క టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చెప్పరా" అన్నాడు బావ.

"నా చెవుల్ని నమ్మి కొనకండి" అన్నాడు చెవులాయన. "నా పెట్టెలో అసలు ముక్క తీసేసి వేరేది పెట్టినా నాకు తెలియలేదు. పైగా బాగుందన్నాను."

ఎవరు తీశారో చెబుదామని నోరు తెరిచాడు. అక్క ముఖం చూశాడు. నోరు మూశాడు.

పళ్ళ డాక్టరు పకపకా నవ్వాడు. "వినయం అంటే ఇదీ!"

డ్రైవరు కూడా నవ్వాడు. "మీకే తేడా తెలియలేదంటే, నా హారన్ చెవులకేం తెలుస్తుందండీ! ఏ ముక్కయినా పర్లేదన్నమాట. ఇంక ఆలోచించేదేముంది? తీసుకుంటాను."

బావ చెవులాయన భుజం నొక్కాడు. "నీ అంత అమ్మేవాడు ఈ ఊళ్ళో లేడురా" అన్నాడు చెవిలో.

చెవులాయన మెట్లు దిగాడు. సగంలో అక్క వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆగు. కోపం పెట్టుకోకురా. ఆ రోజే చెప్పమన్నాను మీ బావని. వాడికి తెలియనప్పుడు ఎందుకు చెప్పి బాధపెట్టడం అన్నారు. నాకూ నిజమే అనిపించింది. నువ్వు అంత సంతోషంగా ఉన్నావు మరి."

ఆయన అక్క చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. ఇన్ని రోజులూ నిజాన్ని మింగింది ఎవరికోసమో, ఆమెకు అది ముందే తెలుసు. పైన కూర్చున్నవాళ్ళలో తెలియనివాళ్ళు ఎంతమందో. ఇంక దాచాల్సిన మనిషి ఎవరూ మిగల్లేదు. మెట్లు మళ్ళీ ఎక్కాడు.

"డ్రైవరుగారూ, పూర్తిగా చెప్పలేదు నేను. ముక్క తీసింది మా బావ. అది డాక్టరుగారి పెట్టెలో ఉంది. మీరు కొనే పెట్టె మూత ఇప్పుడే, ఇక్కడే తీయించండి. నాకున్న ఒకే ఒక్క విద్య అద్దాన్ని చూసి చెప్పడం. అది చేసి వెళ్తాను."

బావ స్క్రూడ్రైవరు కోసం వెతికినట్టు సొరుగులు తెరిచి మూస్తూ ఉండిపోయాడు. "ఇవాళ దొరకట్లేదు" అన్నాడు చివరికి. డ్రైవరు కాసేపు చూసి, లేచి, చొక్కా సర్దుకున్నాడు. "బండి బానెట్ ఎత్తనివ్వని వాడి దగ్గర బండి కొనకూడదండీ. అంతవరకూ నాకూ తెలుసు" అని వెళ్ళిపోయాడు.

డాక్టరుగారు గాజు కన్ను తిరిగివ్వలేదు. తనకేమీ తెలియదన్నాడు. పైగా, "ఇప్పుడే నాకు సరిగ్గా వినిపిస్తోంది" అన్నాడు. ఆదివారాలకు చెవులాయన్ని ఎవరూ పిలవడం లేదు. అక్క ఫోన్ చేస్తుంది. పాప బాగుందా అని అడుగుతుంది. బాగుంది అంటాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరకవు.

పెట్టె ముందు గదిలోనే ఉంది. బిస్కెట్టు పొడి దులిపితే మళ్ళీ పాడుతోంది. బాగానే పాడుతోంది. ఆయన్ని అదే కోసేస్తోంది. ఇప్పుడు కళ్ళు తెరుచుకునే వింటున్నాడు. గిన్నెలు నెమ్మదిగా దించక్కర్లేదని భార్యకు చెప్పాడు. ఆవిడ మాత్రం అలవాటు కొద్దీ నెమ్మదిగానే దించుతోంది.

మొన్న సాయంత్రం పాట మధ్యలో పాప ఆయన ఒళ్ళోకి ఎక్కింది. కాసేపు విని, ఎవరూ అడక్కుండానే, వేలెత్తి కుడివైపు చూపించింది.

"దమ్ దమ్" అంది.

డ్రమ్ము అక్కడే మోగుతోంది. ఆయనకు ఒకప్పుడు బావ అన్న మాటే గొంతు దాకా వచ్చింది. వంటగదిలోని భార్యను కేకేసి చెప్పబోయాడు. పాప ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆయన నోటివంకే చూస్తోంది. మాట మింగేసి, తానూ వేలెత్తి అటే చూపించాడు.

"అవునమ్మా. అక్కడే" అన్నాడు.