చెయ్యి చేసుకున్న రోజు

గుండుసూదులు పెదాల మధ్య బిగించుకునే కబుర్లు చెప్పే ఆ దర్జీ ఆవిడ, ఈరోజు నోరు విప్పడం లేదు. ఎవరో కుట్టడానికిచ్చిన తెల్లగౌను మీద ఆమె ఐదేళ్ల కూతురు రంగునీళ్లు ఒలకబోసింది. కోపంలో ఒళ్లు తెలియక తల్లి దాని చెంప చెళ్లుమనిపించింది. పిల్ల ఏడవలేదు, బిక్కచచ్చి గోడకు అతుక్కుపోయింది. అప్పటినుంచీ తల్లి మెతుకు ముట్టలేదు. పిల్ల ముఖం చూడలేక మిషను చక్రాన్నే తుడుస్తోంది.

పక్కింటి అక్క వచ్చి కూర్చుంది. "నీ చెల్లెలే ఈ పని చేసొచ్చి ఏడిస్తే ఏమంటావే?"

"తప్పేనే, కానీ అలిసిపోయావు, ముందు తిను అంటా."

"మరి నిన్ను నువ్వెందుకు అలా కోసుకుతింటున్నావు?"

ఆమె తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత పిల్లను పిలిచి, "నిన్ను కొట్టడం తప్పు నాన్నా" అంది. తల వంచుకునే, అన్నం కంచాన్ని దగ్గరికి లాక్కుంది.